వాలు చూసి చెట్టును చెప్పగలమా: హైదరాబాద్ ప్రయాణం

పాడేరు ఏజెన్సీ కొండలు బస్సులోంచి చూసేవాళ్లకి ఒకటే పచ్చదనం. దిగి నడిస్తే మలుపు మలుపుకీ అడవి మారుతుంది. గెడ్డ, అంటే వాగు పక్కన నేరేడు, మామిడి గుబురుగా ఉంటాయి. కాస్త పైకెక్కితే మద్ది, ఏగిస. ఇంకా పైకి వెళ్తే చెట్లు పలచబడి గడ్డి, చిట్టీత పొదలు. మా డిగ్రీ కాలేజీలో బోటనీ చదివే కొండ ఊళ్ల పిల్లలకి ఇదంతా నాకంటే బాగా తెలుసు. కానీ వాళ్లకి తెలిసినదేదీ పటం మీదకి ఎక్కలేదు. పోడు కొట్టి వదిలేసిన వాలు మీద మళ్లీ ఏ చెట్టు నాటితే బతుకుతుందని ఎవరైనా అడిగితే, ఇదిగో చూడండి అని చూపించడానికి మా దగ్గర ఒక్క కాగితం లేదు.

ఎత్తు, వాలు, వాలు ఏ దిక్కుకి తిరిగి ఉంది, నీరు ఎక్కడ చేరుతుంది, ఇవి తెలిస్తే ఎక్కడ ఏ రకం అడవి ఉండగలదో అంచనా కట్టి పటం గీయొచ్చు. ప్రపంచంలో చాలా పర్వతాల మీద ఈ పని జరిగింది. అమెరికా భూగోళ శాస్త్రవేత్త జానెట్ ఫ్రాంక్లిన్ 1995లోనే దీనిమీద సమగ్రమైన సమీక్షా వ్యాసం రాశారు. నా దగ్గర చదువుకుని ఇప్పుడు హైదరాబాద్‌లో పటాల పని చేస్తున్న శిష్యుడు ఫోన్ చేసినప్పుడల్లా ఇదే మాట: "ఒకసారి రండి మేష్టారూ, పక్కన కూర్చుని చేద్దాం." ఫిబ్రవరిలో ఆరు రోజులు సెలవు దొరగ్గానే బయల్దేరాను.

సోమవారం, నాచారం

సికింద్రాబాద్ స్టేషన్ బయట ఆటో అతను నాచారానికి 250 అన్నాడు. 200కి ఒప్పుకున్నాడు. నా సంచీలోంచి బయటికి పొడుచుకొచ్చిన చెక్క స్కేలు చూసి "సర్వేయర్‌వా అన్నా?" అని అడిగాడు. చెట్లు కొలుస్తానంటే దారి పొడుగునా ఒకటే గోల. వాళ్ల బస్తీలో వేపచెట్టు తల ఎండిపోతోందట, మందేమైనా ఉందా అని. చెట్టు మొదలు చుట్టూ సిమెంటు పోశారా అని అడిగాను. పోశారట. కనీసం మూడడుగుల మేర పగలగొట్టించమని చెప్పాను.

శిష్యుడి భార్యది వికారాబాద్ దగ్గరి పల్లె. వెళ్లేసరికి ఆ అమ్మాయి సర్వపిండి చేస్తోంది. నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు కలిపిన బియ్యప్పిండి ముద్దని లోతు మూకుడులో చేత్తో అదిమి, వేలితో అక్కడక్కడా గుంటలు చేసి, ఒక్కో గుంటలో రెండు చుక్కలు నూనె వేసింది. మూత పెట్టి సన్నటి సెగ మీద వదిలేసింది. తీసేసరికి అడుగు ఎర్రగా, పెళుసుగా ఉంది, పైభాగం మెత్తగా ఉంది. "ఇంకొకటి వేసుకోండి సార్" అంటూ నేను వద్దనేలోపే పళ్లెంలో పెట్టేసింది.

తిన్నాక లాప్‌టాప్ ముందు కూర్చున్నాం. అన్నిటికీ మూలం ఎత్తుల పట్టిక. నేలని చిన్న చిన్న చదరపు గడులుగా విడగొట్టి ఒక్కో గడికీ సముద్రమట్టం నుంచి ఎంత ఎత్తో రాసిన లెక్క అది. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ 11 రోజులు తిరిగి రాడార్‌తో భూమిని కొలిచింది. మనవాళ్లు 2005 మే 5న శ్రీహరికోట నుంచి కార్టోశాట్-1 పంపారు. దాంట్లో రెండు కెమెరాలు. ఒకటి ముందుకి 26 డిగ్రీలు వంగి చూస్తుంది, ఇంకొకటి వెనక్కి 5 డిగ్రీలు. ఒకే కొండని రెండు కోణాల్లో తీసిన బొమ్మల నుంచి ఎత్తు లెక్క కడతారు. అలా తయారైన 30 మీటర్ల గడుల పట్టిక జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్ఆర్ఎస్‌సీ) వాళ్ల భువన్ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతుంది. ఆ సంస్థ బాలానగర్‌లో ఉంది, ఉపగ్రహాల డేటా దిగేది షాద్‌నగర్‌లో. ఇంత దగ్గర్లో తయారైన సరుకు మా కొండల దాకా ఇన్నాళ్లూ చేరలేదే అని మనసుకి కష్టమనిపించింది.

ఆ పట్టిక ఒక్కటి ఉంటే క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మిగతావన్నీ పుట్టించవచ్చు. పక్క గడికీ ఈ గడికీ ఎత్తులో తేడా చూస్తే వాలు వస్తుంది. వాలు ఎటు తిరిగి ఉందో చూస్తే దిక్కు వస్తుంది. పైనుంచి ఎంత నేల మీద పడ్డ వాన ఈ గడిలోకి దిగుతుందో లెక్క కట్టి, ఇక్కడి వాలుతో కలిపి చూస్తే తేమ సూచిక వస్తుంది. దీన్ని బెవెన్, కిర్క్‌బీ అనే శాస్త్రవేత్తలు 1979లో ఇచ్చారు. ఇక ఎత్తు సంగతి అందరికీ తెలిసిందే. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. విశాఖలో చెమటలు కక్కుతున్న రోజున పాడేరులో హాయిగా ఉండటానికి కారణం అదే. జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త హంబోల్ట్ 1802లో దక్షిణ అమెరికాలోని చింబొరాజో కొండ ఎక్కి, ఏ ఎత్తులో ఏ మొక్క ఉందో బొమ్మ మీద రాసుకున్నాడు. ఆ రోజు నుంచీ ఈ ఆలోచన ఉంది. కంప్యూటర్ దాన్ని గడి గడికీ చేస్తుంది.

శిష్యుడి కూతురు ఆరో తరగతి. స్కూలు నుంచి రాగానే మా వెనక నిలబడి తెర చూస్తోంది. దిక్కుల పటం తెరిచి ఉంది, సున్నా డిగ్రీలకి నలుపు, 360కి తెలుపు. "ఈ కొండకి ఒకేవైపు సగం నల్లగా, సగం తెల్లగా ఎందుకుంది నాన్నా?" అంది. నేను కుర్చీ తిప్పి ఆ పిల్ల వైపు చూశాను. ఈ పనిలో కొత్తవాళ్లు తెలుసుకోవాల్సిన కీలకమైన విషయం అదే. 1 డిగ్రీ అన్నా ఉత్తరమే, 359 అన్నా ఉత్తరమే. కంప్యూటర్‌కి మాత్రం అవి రెండు కొసలు. అందుకే దిక్కుని అలాగే లెక్కలో వేయకూడదు. కొసైన్ తీసి ఉత్తరం ఎంత, సైన్ తీసి తూర్పు ఎంత అని రెండు అంకెలుగా మార్చుకోవాలి. మార్చాక పటం చూపిస్తే "ఇప్పుడు బాగుంది" అని ఆడుకోడానికి వెళ్లిపోయింది.

మంగళవారం, మౌలాలి గుట్ట

తెల్లవారుజామునే మౌలాలి గుట్ట ఎక్కాం. మెట్లు ఎక్కుతుంటే ఒళ్లంతా రాయే. హైదరాబాద్ గుట్టలు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. పైన దర్గా. దిగుతున్న ఒక పెద్దాయన మా చేతుల్లో జీపీఎస్ చూసి సలాం చెప్పి, ఏం చేస్తున్నారని అడిగాడు. రాతి మీద ఏ మొక్క ఎక్కడ మొలిచిందో చూస్తున్నామని చెబితే, వెనక్కి తిరిగి మాతో మళ్లీ కొంత దూరం పైకొచ్చి ఒక పగులు చూపించాడు. దాంట్లోంచి చేతి మందాన రావి వేరు కిందికి పాకి, పది అడుగుల కింద మట్టి అందుకుంది. "మా చిన్నప్పటి నుంచి చూస్తున్న సాబ్, కొట్టేస్తే మళ్లీ వస్తది" అన్నాడు.

ఆ పగులు వెడల్పు నా అరచెయ్యంత. మా గడి 30 మీటర్లు, అంటే 900 చదరపు మీటర్లు. ఆ గడిలో బోడి బండ ఉంది, పగుల్లో రావి ఉంది, బండ కింద నీడలో సీతాఫలం పొదలున్నాయి. పట్టికలో అన్నిటికీ కలిపి ఒక్కటే ఎత్తు, ఒక్కటే వాలు. ఇలాంటి గుట్టల మీద చెట్టు బతుకుని తేల్చేది గడిలో ఇమడని చిన్న వివరం. రాయి ఎక్కడ పగిలింది, ఆ పగుల్లో ఎంత మట్టి చేరింది అన్నదే. మా కొండల్లో ఖొండలైట్ రాయి లోతుగా కుళ్లి ఎర్రమట్టి అవుతుంది. ఎత్తు తేడా వందల మీటర్లుంటుంది. అక్కడ 30 మీటర్ల గడి చాలావరకు సరిపోతుంది. ఏ కొండకి ఏ కొలత సరిపోతుందో నడిచి చూడకుండా చెప్పలేమని నాకు ఇక్కడే గట్టిగా అనిపించింది.

దిగి ఇరానీ హోటల్లో చాయ్ తాగాం, 20 రూపాయలు. ఒక ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని తిన్నాను. తీపి తగలగానే నాలిక చివర చిన్న ఉప్పు. ఇంకో రెండు తిన్నాను.

మధ్యాహ్నం మెట్రోలో ఉప్పల్ వెళ్లాం. సర్వే ఆఫ్ ఇండియా అక్కడే ఉంది. 1:50,000 టోపోషీట్లలో 20 మీటర్ల ఎత్తుకొక గీత ఉంటుంది. ఆ గీతలు మనుషులు కొలిచి గీసినవి. ఉపగ్రహం పట్టికలో ఏదైనా అనుమానమొస్తే పక్కన పెట్టి చూసుకోడానికి ఇవే దిక్కు. 1802లో లాంబ్టన్ మద్రాసులో మొదలుపెట్టిన త్రికోణమితి సర్వేలోకి జార్జ్ ఎవరెస్ట్ 1818లో హైదరాబాద్‌లోనే వచ్చి చేరాడు. పోయినేడు రిటైరైన ఒక సర్వేయరుగారు గేటు దగ్గర తారసపడ్డారు. అడవిలో ఎత్తు కొలవాలంటే చెట్ల కొమ్మలు కొట్టించి చూపు దారి చేసుకునేవాళ్లమని చెప్పారు. అలా కొట్టించిన ప్రతిసారీ బాధేసేదట.

ఆయన మాట వినగానే శిష్యుడు అసలు చిక్కు చెప్పాడు. షటిల్ రాడార్ దట్టమైన అడవిలో నేలదాకా దిగదు, కొమ్మల మధ్యలోంచే తిరిగొస్తుంది. కాబట్టి ఆ పట్టికలోని ఎత్తులో నేలతోపాటు చెట్టు ఎత్తు కొంత కలిసిపోయి ఉంటుంది. అడవి అంచున లేని గట్టు ఒకటి కనిపిస్తుంది. ఆ ఎత్తుతో అడవిని ఊహిస్తే అడవిని చూసి అడవిని చెప్పినట్టే, లెక్క చాలా బాగా కుదిరినట్టు కనబడి మోసం చేస్తుంది. చెట్లని తీసేసి సవరించిన పట్టికలు ఈమధ్య వచ్చాయి. అవి వాడాలి, లేదా అడవి అంచుల్ని లెక్కలోంచి వదిలేయాలి.

బుధవారం, కేబీఆర్ పార్క్

నగరం నడిబొడ్డున రాళ్లు, ముళ్ల పొదలు, నెమళ్లు. టేపు పరిచి 20 మీటర్ల చదరం గుర్తు పెడుతుంటే వాకింగ్ చేస్తున్న ఒకావిడ ఆగిపోయారు. "ఫ్లైఓవర్ కోసమా? చెట్లు లెక్కబెడుతున్నారా కొట్టడానికి?" గొంతులో కోపం. కాదమ్మా, ఏ చెట్టు ఎలాంటి నేల మీద ఉందో నేర్చుకుంటున్నాం అని నోట్‌బుక్ చూపించాక శాంతించారు. తర్వాత తనే మమ్మల్ని వెంటబెట్టుకుని తీసుకెళ్లి, బండల మధ్య పూసిన కొండగోగు చూపించారు. ఆకు లేదు, కొమ్మ చివర్ల అరచెయ్యంత పసుపు పూలు. ఏటా దీనికోసం ఈ నెలలో ఈ బాటే నడుస్తారట.

కొండగోగు ఉన్నచోట నేల ఎలా ఉంటుందో నాకు తెలుసు. రాయి, పలచటి మట్టి, నీరు నిలవని వాలు. ఒక చెట్టు పేరు చెబితే నేలని చెప్పగలిగినప్పుడు, నేలని చెబితే చెట్టుని చెప్పగలగాలి కదా. మొత్తం విద్య ఇదే. అయితే కంప్యూటర్‌కి ఇది నేర్పాలంటే ముందు ఉదాహరణలు కావాలి. ఫలానా చోట, ఫలానా ఎత్తు, వాలు, తేమ ఉన్నచోట ఫలానా చెట్లున్నాయి అని. రాండమ్ ఫారెస్ట్ అనే పద్ధతిని బ్రైమన్ 2001లో ఇచ్చాడు. ఉదాహరణల్లోంచి చీటీ తీసినట్టు కొన్ని కొన్ని తీసి వందల నిర్ణయ వృక్షాలు కట్టి, అన్నిటి ఓటూ అడుగుతుంది. మనం ఇచ్చే ఉదాహరణలు రోడ్డు పక్కవే అయితే అది నేర్చుకునేది రోడ్డు పక్క అడవినే. ఏటవాలు, లోయ, శిఖరం, అన్నిచోట్లా చదరాలు వేయాల్సిందే. మోకాళ్లు నొప్పి పెట్టినా సరే.

గురువారం, చేవెళ్ల దారి

శిష్యుడి కారులో వికారాబాద్ బయల్దేరాం. మొయినాబాద్ దాటాక రోడ్డుకి రెండువైపులా మర్రిచెట్లు, ఒకదాని తర్వాత ఒకటి, వందలు. ఊడలు కత్తిరించిన గుర్తులున్నాయి, కొన్నిటి మొదళ్లు ఇద్దరు చేతులు చాచి పట్టుకున్నా అందవు. రోడ్డు వెడల్పు కోసం వీటిని తీసేస్తారని చాలా ఏళ్లు గొడవ నడిచింది. కారు పక్కన ఆపి కాసేపు నీడలో నిలబడ్డాం. చుట్టూ చేలు ఎండకి మాడుతుంటే ఇక్కడ గాలి చల్లగా ఉంది. ఏ వాలు లెక్కా, ఏ తేమ సూచికా ఇక్కడ ఇంత మర్రి వరస ఉంటుందని చెప్పదు. ఎవరో నాటారు, తరాలుగా కాపాడారు. ఇవి పోతే ఆ నష్టాన్ని నేను మాటల్లో చెప్పలేను.

మన్నెగూడ దాటాక ఫోన్‌లో పటం దగ్గర దారి అని ఒక మట్టిరోడ్డులోకి తిప్పింది. రెండు కిలోమీటర్లు వెళ్లాక చేను, దాని చివర కంచె. వెనక్కి తిప్పుకునే చోటు లేదు. గేదెలు తోలుకొస్తున్న అమ్మ నవ్వుతూ, "రోజూ ఒక కారు గిట్లనే వస్తది బిడ్డా" అని కంచె ముళ్లకంప తీసి మమ్మల్ని చేనుగట్టు మీంచి తారురోడ్డు దాకా నడిపించింది. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. కారులో ఉన్న నారింజ పళ్లు మాత్రం మనవడికని కొంగులో కట్టుకుంది.

రాత్రి భోజనం శిష్యుడి మామగారింట్లో. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పచ్చిపులుసు. అత్తగారు రొట్టె చేతుల మధ్యే చరుస్తూ వెడల్పు చేసి పెనం మీద వేసి, తడిచేత్తో పైన నీళ్లు అద్దుతున్నారు. వేడిరొట్టె నేరుగా కంచంలోకి. చల్లటి పచ్చిపులుసులో కాల్చిన మిరప వాసన. నేలమీద కూర్చుని తిన్నాం. మామగారు నా కంచం ఖాళీ అవకుండా చూసే బాధ్యత తన మీద వేసుకున్నారు.

శుక్రవారం, అనంతగిరి

మూసీ పుట్టేచోటు. పద్మనాభస్వామి గుడి దాటి అడవి బాట పట్టాం. ముందు రాత్రే శిష్యుడు ఈ గుట్టకి మూడు రంగుల పటం తయారుచేసి ప్రింట్ తీశాడు. చెట్ల లెక్క ఏదీ వేయలేదు, కేవలం వాలు, దిక్కు, తేమ సూచిక. నీలం తేమ ఉండేచోటు, పచ్చ మధ్యరకం, గోధుమరంగు పొడినేల. మాకు దారి చూపడానికి మామగారు వచ్చారు. డెబ్భై దాటాయి. చిన్నప్పుడు పశువులు కాసింది ఈ అడవిలోనే. "మీరు కాయితం సూడుండ్రి, నేను చెట్టు సూస్త" అన్నారు.

లోయలోకి దిగినంత మేరా పటం చెప్పింది చెప్పినట్టే ఉంది. నీలంరంగు వాగు పొడుగునా నేరేడు, కానుగ, ఏరుమద్ది, ఫిబ్రవరిలోనూ ఆకుతో ఉన్నాయి. పక్క వాలు మీద టేకు, చిరుమాను, బిల్లుడు, సగం ఆకు రాల్చేశాయి. దక్షిణం వైపు వాలు దాదాపు మోడు, మోదుగు మాత్రం నిప్పు అంటుకున్నట్టు పూసింది. ఉత్తరం వైపు వాలు మీద ఇంకా కాస్త ఆకుంది. ఇక్కడ శిష్యుడు ఒక మంచి మాట చెప్పాడు. దక్షిణపు వాలు వేడి, ఉత్తరపు వాలు చల్లన అని పుస్తకాల్లో ఉండేది హిమాలయాలకీ, యూరప్‌కీ. హైదరాబాద్‌లో మే 9 నుంచి ఆగస్టు 3 దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకి ఉత్తరానే ఉంటాడు. మరి ఇక్కడ తేడా ఎందుకు? నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వాన లేని నెలల్లో సూర్యుడు దక్షిణాన ఉంటాడు. నేలలో తేమ తక్కువగా ఉన్నప్పుడు కొట్టే ఎండే చెట్టుకి బాధ. వానాకాలపు ఎండ అంతగా లెక్కలోకి రాదు. అందుకని ఏడాది మొత్తం ఎండ కాకుండా, ఆ పొడి నెలల ఎండనే లెక్క కట్టి వాడుకోవాలని అక్కడే నిలబడి నిర్ణయించుకున్నాం.

గుట్ట పైకొచ్చాక పటం చెడింది. పైభాగం బల్లపరుపు, పటంలో ముదురు నీలం. కళ్లముందు మాత్రం పలచటి గడ్డి, సీతాఫలం, అక్కడక్కడా గిడసబారిన చెట్లు. తేమ సూచికలో వాలు హారంలో ఉంటుంది. వాలు సున్నాకి దగ్గరైతే అంకె ఊరికే పెరిగిపోతుంది. కానీ పైనున్నది రంధ్రాల ఎర్రరాయి, లేటరైట్. వాననీరు నిలవదు, లోపలికి ఇంకిపోతుంది. "ఆ నీళ్లన్నీ ఎటుపోతయో తెలుసా సార్?" అని మామగారు మమ్మల్ని కొంచెం కిందికి దించారు. ఎర్రరాయి అయిపోయి కింద గట్టిరాయి మొదలయ్యే చోట బండ కింద నుంచి సన్నటి ఊట. చుట్టూ ఫెర్న్ మొక్కలు, పక్కనే ఆకాశమంత మద్దిచెట్టు. పటంలో ఆ గడి గోధుమరంగు.

నేను ఆ ఊట పక్కన కూర్చుని చాలాసేపు మా కొండల గురించే ఆలోచించాను. గాలికొండ, జెర్రెల ప్రాంతాల్లో కొండల నెత్తిన బాక్సైట్, లేటరైట్ టోపీలు. పైన గడ్డి, కింద అంచుల్లో ఏడాదంతా ఆరని ఊటలు, ఆ ఊటల మీదే బతికే ఊళ్లు. ఎత్తుల పట్టిక ఒక్కదానితో అక్కడ పటం గీస్తే ఇదే తప్పు వస్తుంది. రాతి రకం పటం కూడా పక్కన ఉండి తీరాలి. ఈ ఒక్క సంగతి కోసం ఇంత దూరం వచ్చినా ప్రయాణం గిట్టుబాటే.

మధ్యాహ్నం ఇంకో రెండుచోట్ల పటం, అడవి కలవలేదు. ఆ రెండు చోట్లా కారణం రాయి కాదు. ఒకటి, లోయ పక్క చక్కటి వాలు. పచ్చరంగు గడి, తేమకీ మట్టికీ లోటు లేదు, అయినా ముళ్లపొద తప్ప ఏమీ లేదు. మామగారు కాలితో నేల గీకితే కింద నల్లగా. "గీడ బొగ్గుల బట్టీలుండె. పెద్ద చెట్లన్నీ అండ్లనే పోయినయ్. తర్వాత మేకలు మేసి మళ్ల లేవనియ్యలే." రెండోది దీనికి తలకిందులు. పొడి వాలు మీద, పటంలో గోధుమరంగులో, చిన్న అమ్మవారి రాయి చుట్టూ మర్రి, మారేడు, రావి, దట్టమైన నీడ. అక్కడ కొమ్మ విరిస్తే కళ్లు పోతాయని ఊరి నమ్మకం. చెప్పులు విడిచి లోపలికి వెళ్లాం. కింద రాలిన ఆకుల పొర మందంగా ఉంది, చెయ్యి పెడితే లోపల తడి. వాలు ఎండిపోయేదే, మనుషులు ముట్టుకోకపోవడంతో మట్టి పేరుకుంది, మట్టి తేమని పట్టుకుంది.

వాలు, ఎత్తు, నీరు చూసి గీసే పటం అక్కడ ఏ అడవి ఉండగలదో చెబుతుంది. ఇప్పుడున్నది ఉపగ్రహం ఫొటో చెబుతుంది. ఈ రెండిటినీ ఒకదాని మీద ఒకటి వేసి తేడా తీస్తే వచ్చే మూడో పటమే నాకు కావాల్సింది. అడవి ఉండాల్సి ఉండీ లేని చోట్లు ఒక రంగు, ఎవరి చలవతోనో నిలబడ్డ చోట్లు ఇంకో రంగు. మొదటి రంగు చోటికి మొక్కలతో వెళ్లాలి, రెండో రంగు చోటికి వెళ్లి ఆ ఊరివాళ్లని అడిగి నేర్చుకోవాలి.

శనివారం, వికారాబాద్ నుంచి

శిష్యుడు ఇంకా రెండు రోజులు అక్కడే ఉంటానన్నాడు. నేను వికారాబాద్ జంక్షన్‌లో సికింద్రాబాద్ ప్యాసింజర్ ఎక్కాను, టికెట్ 50 లోపే. స్టేషన్‌కి వచ్చి ఎక్కించింది మామగారే. అత్తగారు కట్టిన సకినాల మూట నా సంచీలో సర్ది, "మీ గుట్టలకి నన్ను తోల్కపోండి సార్" అన్నారు. రైల్లో ఉడకబెట్టిన పల్లీలు 20 రూపాయలు. ఎదురుసీటు కుర్రాళ్లు నా దగ్గరున్న మూడు రంగుల పటం అడిగి తీసుకుని, వాళ్ల ఊరి చెరువు వెతుక్కున్నారు. దొరికింది. ఆ చెరువు పైన గుట్ట మీద ఒకప్పుడు బీడీ ఆకు తునికి ఎంతుండేదో వాళ్లు దిగేదాకా చెబుతూనే ఉన్నారు.

లింగంపల్లి దగ్గర్లో ఉండగా శిష్యుడు ఫోన్ చేశాడు. మా కొండల పని ఎలా మొదలుపెట్టాలో ఆ సంభాషణలోనే తేలింది. కంప్యూటర్‌కి నేర్పే ఉదాహరణలు మనిషి చెయ్యి తక్కువగా పడ్డ అడవుల్లోంచే తీసుకోవాలి, లేకపోతే అది పోడునే సహజం అనుకుంటుంది. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ తోటలున్న వాలులు పైనుంచి అచ్చం అడవిలాగే కనిపిస్తాయి, వాటిని నడిచి గుర్తుపెట్టి విడిగా ఉంచాలి. పరీక్ష విషయంలో శిష్యుడు పట్టుబట్టాడు. చదరాలన్నిటినీ కలిపి అందులోంచి కొన్ని పక్కన పెట్టి పరీక్షిస్తే ఫలితం బ్రహ్మాండంగా వస్తుంది మేష్టారూ, పక్కపక్క చదరాలు ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకుంటాయి కాబట్టి. ఒక కొండని మొత్తానికి మొత్తం దాచేసి, దాని మొహం చూడకుండా మిగతా కొండలతో నేర్పి, ఆఖర్న ఆ కొండ మీద పరీక్ష పెట్టాలి. అక్కడ నిలబడితేనే నమ్మాలి. నాకిది బాగా నచ్చింది.

పాడేరు వచ్చాక మూడో సంవత్సరం పిల్లలతో కూర్చున్నాను. ఏ కొండని దాచాలో తేల్చుకోడానికే సాయంత్రం పట్టింది, ఎవరి కొండ వాళ్లకి ముద్దు. చివరికి చింతపల్లి వైపు ఒక కొండ ఖాయమైంది. దాని నెత్తిన గడ్డి ఉంది, నడుమున ఊట ఉంది, ఒక పక్క పాత పోడు, ఒక పక్క ఎవరూ గొడ్డలి పెట్టని దేవత తోపు. చదరాలు అక్టోబరులో, వానలు వెనకబట్టాక, చెట్టు మీద ఆకు ఉండగానే మొదలుపెడతాం. నడవగలిగితే మామగారు కూడా వస్తారు, టికెట్ నేను తీస్తానన్నాను.